ఆఖరి ఊరి నుంచి మొదలుపెట్టండి

సెలవు దొరికిందని కారు తీసేవాళ్ళలో చాలామంది రోజు ఒకేలా గడుస్తుంది. పొద్దున్న ఎనిమిదికి బయల్దేరతారు. దారిలో పేరున్న ప్రతి చోటా పావుగంట ఆగుతారు. మధ్యాహ్నం రెండున్నరకు పిల్లలు ఆకలని గోల పెడితే కనబడ్డ డాబా ముందు బండి ఆపి, ఏ ఊళ్ళోనైనా దొరికే ఫ్రైడ్ రైసే తింటారు. చీకటి పడ్డాక ఇల్లు చేరి, మర్నాడు ఎవరైనా అడిగితే "బాగానే ఉంది గానీ అలిసిపోయాం" అంటారు.

రోడ్డు బాగోక అలిసిపోలేదు, చూడాల్సినవి లేక కాదు. మన వేళకు మనం వెళ్ళాం, ఆ ఊరి వేళ వేరు. చేపలు ఒడ్డుకొచ్చేసరికి మనం ఇంట్లో కాఫీ తాగుతున్నాం. మనం వెళ్ళేసరికి వలలు ఎండుతున్నాయి, మనుషులు నిద్రపోతున్నారు. ఒక ఊరు పని చేస్తున్నప్పుడు వెళ్తే అక్కడ చూడటానికి ఏదో ఒకటి ఉంటుంది, తినడానికి తప్పకుండా ఉంటుంది. కాబట్టి ప్రయాణానికి పథకం వేసుకునేటప్పుడు మొదట రాసుకోవాల్సింది కిలోమీటర్లు కాదు. ఎక్కడ, ఎవరు, ఏ వేళకు పనిలో ఉంటారన్నది రాసుకోండి. మిగతాదంతా దాని చుట్టూ అమర్చుకోవచ్చు.

ఈ అలవాటు చేసుకోవడానికి మన రాష్ట్రంలో ఉద్దానాన్ని మించిన చోటు నాకు కనబడలేదు. శ్రీకాకుళం దాటాక టెక్కలి, పలాస, సోంపేట, కంచిలి మీదుగా ఇచ్ఛాపురం దాకా పోయే పదహారో నంబరు జాతీయ రహదారి మీకు తెలిసే ఉంటుంది. ఎడమ చేతి వైపు మహేంద్రగిరి కొండలు. కుడి చేతి వైపు, కంటికి కనబడకుండా, సముద్రం. నాలుగు వరసల రోడ్డు మీద ఆ దూరాన్ని రెండు గంటలకు కాస్త అటూ ఇటూగా దాటేయొచ్చు. దాటేస్తే మాత్రం ఉద్దానం చూసినట్టు కాదు. రహదారికీ సముద్రానికీ మధ్య ఉన్న కొబ్బరి, జీడిమామిడి, పనస తోటల నేలే ఉద్దానం. కుడివైపుకి బండి తిప్పినవాళ్ళకే అది కనబడుతుంది.

నా మొదటి సలహా: ప్రయాణాన్ని ఆఖరి ఊరి నుంచి మొదలుపెట్టండి. ముందురోజు సాయంత్రమే రహదారి మీద తిన్నగా పోయి ఇచ్ఛాపురంలో గానీ పలాసలో గానీ పడుకోండి. ఆ రోజు ఏమీ చూడొద్దు, ఎక్కడా ఆగొద్దు. తెల్లవారుజామున లేచి డొంకూరు వెళ్ళండి. అక్కడి నుంచి వెనక్కి, ఇంటివైపు, తోటల దారిలో మెల్లగా రండి. ఇలా చేస్తే బండి నడిపే కొద్దీ ఇల్లు దగ్గరవుతుంది. తిరిగి వెళ్ళాలన్న తొందర మధ్యాహ్నం నుంచే నెత్తిన కూర్చోదు. ఎక్కడైనా మనసుపడి గంట ఎక్కువ ఉండిపోయినా నష్టం లేదు.

డొంకూరు ఇచ్ఛాపురం మండలంలో సముద్రపు ఒడ్డున ఉన్న మత్స్యకారుల ఊరు. ఆంధ్ర తీరం దాదాపు అక్కడితో ఆఖరు, ఆ పైన ఒడిశా. బాహుదా నది ఇచ్ఛాపురం పక్కగా ప్రవహించి ఆ చుట్టుపక్కలే సముద్రంలో కలుస్తుంది. ఇచ్ఛాపురంలో ఒక కొట్టు దగ్గర తెలుగులో మొదలైన మాట ఒడియాలో ముగియడం మామూలే. వినడానికి చాలా బాగుంటుంది.

తెల్లారేసరికి ఒడ్డున ఉండాలి. తూర్పు తీరం కాబట్టి సూర్యుడు నీళ్ళలోంచే వస్తాడు, అది ఎలాగూ చూస్తారు. తర్వాత వెనక్కి తిరిగి కారెక్కేయకండి. అసలు సంగతి అప్పుడే మొదలవుతుంది. రాత్రి వేటకెళ్ళిన తెప్పలు ఒక్కొక్కటే వస్తాయి. అలల మీద ఇంజను కట్టేసి, సరైన అల కోసం ఆగి, దాని వీపు మీద ఒడ్డుకు ఎక్కుతాయి. దిగీ దిగగానే పదిమంది భుజాలు పట్టి తెప్పను ఇసుక మీదకు లాగుతారు. వలలోంచి చేపలు విడదీసే పని చూడండి. కన్నుకు తగులుకున్న చేపను మొప్ప చిరగకుండా, వల దారం తెగకుండా రెండు వేళ్ళతో ఎంత చులాగ్గా తప్పిస్తారో! ఈలోగా ఆడవాళ్ళు తట్టలతో చేరతారు. చేప కుప్పలు పడతాయి, పాట మొదలవుతుంది. బేరం తేలిన తట్టలు ఆటోలెక్కి ఊళ్ళకు బయల్దేరతాయి. కాస్త ఎండెక్కాక వెళ్తే ఇందులో ఏదీ ఉండదు.

ఒడ్డున మాట కలపడం ఎలాగన్నది ప్రయాణంలో నేర్చుకోవాల్సిన విద్యల్లో పెద్దది. ఫోను తీసి ముందు ఫొటోలు తీయకండి. పది నిమిషాలు ఊరికే నిలబడండి. తట్ట ముందున్న పెద్దావిడని "అమ్మా, ఇదేం చేప?" అని అడగండి. "కవళ్ళు బాబూ, ముల్లుంటాది, తినగలరేటి?" అనే ధోరణిలో జవాబొస్తుంది. ఆ ప్రశ్నకు నిజం చెప్పండి. ముళ్ళు తీసుకోవడం రాదంటే మీకు ఏ చేప సరిపడుతుందో ఆవిడే చెబుతుంది. నెత్తళ్ళు వేపుడుకి, కానాగంతలు పులుసుకి, చందువా దొరికితే పిల్లలకి. మొప్పలు ఎర్రగా ఉన్నాయా, కన్ను తేటగా ఉందా, వేలితో నొక్కితే గుంట పడకుండా కండ తిరిగి లేస్తోందా అన్న పరీక్షలు అందరికీ తెలిసినవే. తెప్ప దిగిన చేపకు వాటి అవసరం లేదు గానీ, బజారులో కొనేటప్పుడు పోల్చుకోవడానికి ఇక్కడ ఒకసారి చేత్తో పట్టుకుని చూడటం మంచిది.

తినే సంగతి. ఒడ్డున బల్లలు వేసి వడ్డించే హోటలు ఉంటుందని ఆశపడి వెళ్ళొద్దు. ముందురోజు రాత్రి బస చేసిన ఊళ్ళో చిన్న మెస్సువాళ్ళతో మాట్లాడి పెట్టుకోండి: "పొద్దున్నే చేప తెస్తాం, మధ్యాహ్నానికి పులుసు పెట్టివ్వగలరా అండీ?" కూలి ఎంతో ముందే అడిగి ఒప్పుకోండి. ఒకరు కాదంటే ఇంకొకరు ఒప్పుకుంటారు. అలా వండించుకుంటే వెనక్కొచ్చి ఆ పులుసు గిన్నె అందుకుని దక్షిణానికి బయల్దేరాలి, కాబట్టి ఆ మెస్సు ఇచ్ఛాపురంలో అయితేనే వీలు. ఓపిక లేనివాళ్ళు చేప ఆలోచన మానేసి ఇచ్ఛాపురంలో వేడి ఇడ్లీ, పుణుగులు తిని సాగిపోవచ్చు, అదీ మంచి ఉదయమే.

ఒక్క విషయం మాత్రం క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమది. వేసవి సెలవులు కదా అని ఆ రోజుల్లో చేపల కోసం వెళ్తే ఒడ్డు ఖాళీగా ఉంటుంది. ఆ కాలంలో ఉద్దానం వెళ్ళాల్సింది పనస కోసం, జీడిమామిడి కోసం.

ఇక బండి గురించి. కారును తారురోడ్డు చివరే వదిలేయండి. ఇసుకలో టైరు దిగబడితే బయటికి లాగాల్సింది రాత్రంతా వేట చేసి వచ్చిన మనుషులే. రోడ్డు పక్కన ఆరేసిన వలల మీద నుంచి నడపొద్దు. కోతల కాలంలో రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు, అక్కడ హారను కొట్టకుండా మెల్లగా పక్కనుంచి పొండి. అలలు లోపలికి బలంగా లాగే తీరమిది, మోకాలి లోతు దాటి దిగొద్దు. పిల్లల విషయంలో ఇది ఆజ్ఞగానే తీసుకోండి.

డొంకూరు నుంచి వచ్చేటప్పుడు వానాకాలమైతే తేలుకుంచికి ఒక మలుపు తీసుకోవచ్చు. జూన్‌లో వానలకు ముందే నత్తగుల్ల కొంగలు ఆ ఊరి చెట్ల మీదకు వస్తాయి. ఇళ్ళ పక్క చింతచెట్ల మీదే గూళ్ళు కట్టి, పిల్లలు చేసి, చలికాలం మొదట్లో వెళ్ళిపోతాయి. మూసిన ముక్కు మధ్య సందు ఉంటుంది, నత్తల్ని పట్టుకోవడానికి అది వీలు. అవి వస్తే వానలు బాగా పడతాయని ఊళ్ళో నమ్మకం, వాటిని ఎవరూ కొట్టరు. చెట్ల కింద బిగ్గరగా మాట్లాడకుండా నడవండి.

తర్వాత కవిటి. ఇక్కడ మాత్రం గంటకు పాతిక, ముప్పై కిలోమీటర్లకు మించి నడపకండి. రెండు వైపులా కొబ్బరి, దాని నీడలో పనస, మధ్యలో మునగ, అరటి, గట్ల మీద మొగలి పొదలు. ఒకే తోటలో ఇన్ని అంతస్తులుగా పండించడం ఈ రైతుల తరతరాల పనితనం. అయితే తోటల్ని చూస్తూ వెళ్తుంటే కొన్నిచోట్ల ఖాళీలు కనబడతాయి, పక్కనే పొట్టి చెట్లు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాసకు దగ్గరలో తీరం దాటినప్పుడు లక్షల సంఖ్యలో కొబ్బరిచెట్లు కూలిపోయాయి. జీడితోటలు వేళ్ళతో లేచిపోయాయి. దేశవాళీ కొబ్బరి మొక్క కాపుకు రావడానికే ఆరేడేళ్ళు పడుతుంది. నిండు కాపుకు ఇంకా ఎక్కువ. అంటే ఆ రాత్రి పోయినదాన్ని ఉద్దానం రైతు ఇప్పుడిప్పుడే మళ్ళీ చూస్తున్నాడు. తోట దగ్గర బొండాం కొట్టించుకుని తాగినప్పుడు బేరం ఆడకపోతే నేను సంతోషిస్తాను.

నీళ్ళ విషయం కూడా ఇక్కడే చెప్పాలి. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం మండలాల్లో ఎన్నో కుటుంబాలను దశాబ్దాలుగా కిడ్నీ జబ్బు పీడిస్తోంది. ఎందుకొస్తోందన్నది పరిశోధకులు పూర్తిగా తేల్చలేదు. హిరమండలం జలాశయం నుంచి పైపుల్లో మంచినీళ్ళు తెచ్చే పథకం వచ్చింది. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి మొదలయ్యాయి. ప్రయాణికులుగా మనం చేయగలిగింది చిన్నదే. మన తాగునీళ్ళు మనం తీసుకెళ్దాం, ఖాళీ సీసాలు తోటల్లో పారేయకుండా వెనక్కి తెద్దాం. ఎవరింటి ముందైనా ఆగితే జబ్బు గురించి ఆరా తీయకండి. వాళ్ళంతట వాళ్ళు చెబితే కూర్చుని వినండి. ఆ భయంతో ఉద్దానం వెళ్ళడం మానుకోవాల్సిన పని లేదు. వచ్చేవాళ్ళు వస్తేనే ఆ కొట్లూ, ఆ తోటలూ నిలబడతాయి.

పనస గురించి ఒక మాట. చలి తగ్గాక లేత పనసకాయలు దిగడం మొదలవుతుంది. ఒడిశాకూ, ఇంకా పైకి బెంగాల్ దాకానూ లారీల్లో వెళ్తాయి. ఆ రోజుల్లో భోజనానికి కూర్చుంటే "ఏం కూరలున్నాయి?" అని కాకుండా "ఈ పూట పనస వండారా?" అని అడిగి చూడండి. ఆవపెట్టిన పనసపొట్టు కూర, మసాలా పట్టించిన ముక్కల కూర, రెండూ దొరికిన రోజు అదృష్టం. మేలో పండు వాసన దారంతా ఉంటుంది. తొనలు ఒలిచి అమ్మేచోట ఆగి అక్కడే తినండి, కారులో పెట్టుకుంటే వారం దాకా ఆ వాసన పోదు. ఎండాకాలం ఎక్కడైనా చోడి అంబలి, పచ్చి ఉల్లిపాయ దొరికితే సీసా కూల్‌డ్రింకుల జోలికి పోవద్దు. శ్రీకాకుళం కూలీ, రైతూ ఎండను తట్టుకున్నది దాంతోనే.

బారువ చిన్న మజిలీ. మహేంద్రతనయ నది సముద్రంలో కలిసే చోటు, ఒకప్పటి రేవు, లైట్‌హౌసు. సర్దార్ గౌతు లచ్చన్న 1909లో పుట్టిన ఊరు. చలి చివర్లో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఈ తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తాయి. అక్కడి నుంచి సోంపేట వైపు వచ్చేటప్పుడు కనబడే పల్లపు తడినేలల్ని స్థానికులు బీల అంటారు. చేపలకూ, పశువుల మేతకూ, వరికీ అదే ఆధారం. 2010 జూలై 14న థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దని ఆ నేల కోసం నిలబడినవాళ్ళ మీద కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. ప్రాజెక్టు ఆగింది, బీల మిగిలింది. ఆ గట్టు మీద ఒక్క పది నిమిషాలు ఆగితే ఆ పోరాటం దేనికోసమో కంటికే అర్థమవుతుంది.

రహదారి దాటి కొండవైపు వెళ్తే మందస. కళింగ శైలిలో కట్టిన వాసుదేవ పెరుమాళ్ ఆలయం, వెనక మహేంద్రగిరి వరస. పాలు, పంచదార కట్టెల పొయ్యి మీద గరిటె ఆపకుండా తిప్పి తీసే మందస కోవా చుట్టుపక్కలంతా పేరున్నది. దాన్ని పొయ్యి మీద నుంచి దించిన రోజే తినాలి. కాబట్టి కొట్టువాణ్ణి "ఎప్పుడు దింపారు నాయనా?" అని అడగడానికి మొహమాటపడొద్దు. మంచి కొట్టువాళ్ళు ఆ ప్రశ్నకు నొచ్చుకోరు, దాచకుండా చెబుతారు. ఈ మండలంలోనే గుడారి రాజమణిపురం ఉంది. జమీందారు అడవి నుంచి కలప తెచ్చుకున్నారని రైతుల్ని పట్టుకుపోతుంటే అడ్డుకున్నందుకు 1940 ఏప్రిల్ 1న సాసుమాన గున్నమ్మ, మరికొందరు రైతులు పోలీసు కాల్పుల్లో చనిపోయిన ఊరది. కోవా కోసం ఇంత దూరం వచ్చినవాళ్ళు పిల్లలకు ఆమె కథ చెప్పి తీసుకెళ్ళాలని నా కోరిక.

పలాసలో కొనుగోలుకు సమయం కేటాయించండి. పలాస-కాశీబుగ్గ జంట ఊళ్ళలో వీధివీధికీ జీడిపప్పు పని ఉంది. ఇక్కడివాళ్ళు గింజను పిక్క అంటారు. పిక్కను కాల్చి గానీ ఆవిరి పట్టి గానీ మెత్తబరిచి, పెంకు కొట్టి, పప్పు తీసి, ఆరబెట్టి, పైపొర ఒలిచి, సైజుల వారీగా ఏరతారు. పెంకులో ఉండే జీడినూనె చర్మాన్ని కాలుస్తుంది. ఆ పని చేసేది ఎక్కువగా ఆడవాళ్ళే. వాళ్ళ వేళ్ళ మీది మచ్చలు చూసినవాళ్ళు జీడిపప్పు ధర ఎక్కువని తర్వాత ఎప్పుడూ అనరు. ఉద్దానం పంట ఒక్కటే ఈ ఫ్యాక్టరీలకు చాలదు, ఆఫ్రికా దేశాల నుంచీ పిక్కలు వస్తాయి.

కొట్లో డబ్ల్యూ 180, డబ్ల్యూ 210, డబ్ల్యూ 240, డబ్ల్యూ 320 అని రాసి ఉంటుంది. పౌను బరువుకు, అంటే దాదాపు 454 గ్రాములకు, ఎన్ని గుళ్ళు తూగుతాయో ఆ అంకె చెబుతుంది. అంకె తగ్గేకొద్దీ గుండు పెద్దది, ధర ఎక్కువ. రుచిలో పెద్ద తేడా ఉండదు. ఎవరికైనా కానుక ఇవ్వాలంటే 180 గానీ 210 గానీ కొనండి. ఇంట్లో నంజుకోవడానికి 320 హాయిగా సరిపోతుంది. పాయసానికి, ఉప్మాకి, కూరలో ముద్దకు బద్దలు, ముక్కలు చాలు, డబ్బు మిగులుతుంది. ఒక గుండు తీసి విరిచి చూడండి. పుటుక్కున విరగాలి, లోపల పురుగు గీత ఉండకూడదు, మక్కిన నూనె వాసన రాకూడదు. మార్చి, మే నెలల మధ్య వెళ్తే ఆరబెట్టని పచ్చి జీడిపప్పు దొరుకుతుంది. ఆ కూర ముందు ఎండు పప్పు తేలిపోతుంది. అది రెండో రోజుకే పాడవుతుంది కాబట్టి ఆ సాయంత్రమే వండుకునేంత కొంటే చాలు.

ఇక్కడికి మధ్యాహ్నం దాటిపోతుంది. నిజానికి నేను చెప్పిన ఊళ్ళన్నీ ఒక్కరోజులో చూడకూడదు. డొంకూరు కాకుండా ఇంకో రెండు ఎంచుకోండి, చాలు. చలికాలమైతే టెక్కలి దగ్గర తేలినీలాపురం వదలొద్దు. గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో వచ్చి మార్చి దాకా ఊరి చెట్ల మీద గూళ్ళు పెట్టి ఉంటాయి. సాయంత్రం మేత నుంచి తిరిగొచ్చేటప్పుడు చూడాలి. దగ్గర్లోనే నౌపడ ఉప్పుమళ్ళు. ఎండ కాలంలో తెల్లటి కుప్పలు వరసగా ఉంటాయి. పర్లాకిమిడి రాజుల చిన్న రైలు 1900లో మొదలైంది ఈ నౌపడ నుంచే. వజ్రపుకొత్తూరు వైపు అక్కుపల్లి తీరం, నువ్వలరేవు ఇంకో ప్రయాణానికి దాచుకోండి. మూలపేటలో 2023లో ఓడరేవు పనులు మొదలైనప్పటి నుంచి ఆ దారుల్లో లారీలు పెరిగాయి, పిల్లల్ని రోడ్డు పక్కన దింపేటప్పుడు చూసుకోవాలి. భక్తి ఉన్నవాళ్ళకు రావివలసలో ఎండల మల్లికార్జునుడున్నాడు. పైకప్పు లేకుండా ఎండలోనే ఉండే పెద్ద లింగం.

టెక్కలిలో మళ్ళీ పెద్ద రోడ్డు ఎక్కుతారు. ఎక్కేముందు టీ తాగి, తెల్లవారుజాము నుంచి బండి నడిపినవాళ్ళు వెనక సీట్లోకి మారాలి. ఇంకో డ్రైవరు లేకపోతే అరగంట కళ్ళు మూసుకోవాలి. రాత్రి ఆ రోడ్డంతా ఒడిశా లారీలే. చాలాచోట్ల అవి దీపాలు లేకుండా పక్కన ఆగి ఉంటాయి. అక్కడి నుంచి శ్రీకాకుళం గంట ప్రయాణం, విశాఖ దాకా పోయేవాళ్ళకు ఇంకో రెండు గంటలకు పైనే పడుతుంది.